చెప్పని నిజం, చెప్పిన కథ

బీకాం చదివిన వాళ్ళెవరికైనా గుర్రం ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో పదిహేడో సెక్షన్ మోసమంటే ఏమిటో చెప్పి, దాని కింద ఒక వివరణ ఇస్తుంది. ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదు. అయితే మాట్లాడవలసిన బాధ్యత ఉన్నచోట మాట్లాడకపోయినా, మౌనమే మాటతో సమానమైన చోట మౌనం వహించినా అది మోసమే. ఈ సూక్ష్మం విద్యార్థులకు తెలియడానికి చట్టం రాసినవాళ్ళు ఒక గుర్రాన్ని తెచ్చి నిలబెట్టారు. ఒకడు తన గుర్రాన్ని వేలంలో అమ్ముతున్నాడు. దానికి ఏదో లోపం ఉందని అతనికి తెలుసు, చెప్పలేదు. అది మోసం కాదు. కొనేది అతని కూతురే అయి, అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల అయితే, చెప్పి తీరాలి. ఇంకో సందర్భంలో కొనేవాడు, నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను అంటాడు. అమ్మేవాడు నోరు మెదపడు. అక్కడ మౌనం మాటే.

మా తిరుత్తణి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టిన ఊరే గాని, కొండ గాలి పీల్చినంత మాత్రాన తత్త్వశాస్త్రం ఒంటబట్టదు. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో పద్దులు చూసుకుంటూ బతికినవాణ్ణి. నీతి గురించి నాకు తెలిసినదంతా ఆ గుర్రం చుట్టూనే తిరుగుతుంది. తిరువళ్ళూరు బ్రాంచికి రోజూ వెళ్ళివచ్చే రైల్లో ఈ మధ్య ఒక కన్నడ రచయితను చదువుతూ వచ్చాను. కన్నడం రాదు కనుక కొంత ఇంగ్లీషులో, కొంత తెలుగులో, కొంత మా బ్రాంచిలో పనిచేసి వెళ్ళిన బళ్ళారి మిత్రుడొకరు చదివి అర్థం చెప్పగా విన్నాను. ఆయన పేరు వసుధేంద్ర. ఆయన రాసినవీ, ఆయన రాసుకుంటూ వచ్చిన వరుసా చూస్తుంటే నాకు ఆ సెక్షనే జ్ఞాపకం వచ్చింది. మనిషి తన గురించిన నిజాన్ని తనలోనే ఉంచుకోవడం ఎంతవరకు తన హక్కు, ఎక్కడినుంచి ఎదుటివాళ్ళకు చేసే అన్యాయం?

వసుధేంద్ర 1969లో బళ్ళారి జిల్లా సండూరులో పుట్టారు. ఇనుప గనుల ఊరు. తెలుగు మాట చెవిన పడని బజారు ఆ జిల్లాలో ఉండదు. 1953లో బళ్ళారి మైసూరు వైపు పోయింది, 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. హద్దురాళ్ళు మారిన ఊళ్ళవాళ్ళకు ఒకరినొకరు అర్థం చేసుకునే ఓపిక కాస్త ఎక్కువని నాకొక నమ్మకం. సూరత్కల్‌లో ఇంజనీరింగు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పై చదువు, ఆ తర్వాత సుమారు ఇరవై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, దాన్ని వదిలేసి పూర్తిగా రచన. ఈ మధ్యలోనే 'ఛంద పుస్తక' అనే ప్రచురణ సంస్థ పెట్టి కొత్త కథకుల మొదటి పుస్తకాలు వేస్తూ వచ్చారు. తన పుస్తకాలు అమ్ముడుపోతున్న రచయిత ఇతరుల తొలి పుస్తకాల మీద డబ్బు పెట్టడం సామాన్యం కాదు. అప్పులిచ్చే ఉద్యోగం చేసినవాణ్ణి కనుక ఆ మాట ధైర్యంగా చెప్పగలను.

కన్నడ దేశంలో ఆయన పేరు ఇంటింటికీ తెలిసింది కథల వల్ల కంటే 'నమ్మమ్మ అంద్రె నంగిష్ట' అనే వ్యాస సంపుటి వల్ల. మా అమ్మంటే నాకిష్టం అని దాని అర్థం. ఎన్నో ముద్రణలు పొందిన పుస్తకం. తల్లి, ఇల్లు, ఊరు, డబ్బుకు కటకట పడిన రోజులు, చాదస్తాలు, వాటిలోని హాస్యం. మా బళ్ళారి మిత్రుడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని చదువుతూ, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేవాడు. అమ్మల మీద రాసే రాతల్లో సాధారణంగా ఉండే జిగురు ఆ వ్యాసాల్లో లేదు. ఆ తల్లి దేవత కాదు, మన వీధిలో కనబడే మనిషి.

ఆ పుస్తకం వచ్చిన కొన్నేళ్ళకు, 2013లో, 'మోహనస్వామి' కథా సంపుటి వచ్చింది. అందులోని కథానాయకుడు పురుషుణ్ణి ప్రేమించే పురుషుడు. ఈ వరుసలో మొదటి కథను ఆయన మారుపేరుతో ఒక పత్రికకు ఇచ్చారు. పుస్తకం మాత్రం సొంత పేరుతో వేసి, ఇది నా జీవితంలోంచి వచ్చిందే అని బహిరంగంగా చెప్పారు. అప్పటికి ఆయనకు నలభై దాటింది. కన్నడంలో అంత పేరున్న రచయిత తాను స్వలింగ ప్రేమికుణ్ణని ఈ విధంగా చెప్పుకోవడం కొత్త. అదే ఏడాది డిసెంబరు 11న సుప్రీంకోర్టు, 2009 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పును కొట్టివేసి, 377వ సెక్షన్ను తిరిగి నిలబెట్టింది. అంటే ఆయన నిజం చెప్పిన ఏడాదే ఆ నిజం మళ్ళీ నేరమైంది. 2018 సెప్టెంబరు 6న గాని ఆ మచ్చ చట్టంలోంచి తొలగలేదు.

ఇప్పుడు ఆ తల్లి వ్యాసాల దగ్గరకు రండి. అవి వ్యాసాలు, అంటే నిజమని చెప్పి రాసినవి. కొడుకు తల్లి గురించి అన్నీ చెప్పాడు, తన గురించి ఎంతో చెప్పాడు. తన ప్రాణానికి ప్రాణమైన ఒక్క సంగతి చెప్పలేదు. ఆ తర్వాత వచ్చిన కథలు, అంటే కల్పన అని చెప్పి రాసినవి, ఆ సంగతిని చెప్పాయి. నిజమన్న పుస్తకంలో ఖాళీ గడి ఉంది, కల్పన అన్న పుస్తకం దాన్ని నింపింది. మరి ఆ వ్యాసాలు అబద్ధమా?

ఈ ప్రశ్న నేను మా ఊళ్ళో ఒక పెద్దాయన ముందు పెట్టాను. ఈ ప్రాంతపు బళ్ళలో తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారు. వాదన అంటే ఆయనకు కాఫీ కంటే ఇష్టం. ఆయన వెంటనే నా గుర్రాన్నే నా మీదికి తోలారు. "నీ మూడో ఉదాహరణ చూడు. లోకం ప్రతి కుర్రాడితోనూ అంటూనే ఉంటుంది గదా, నువ్వు కాదనకపోతే నువ్వూ మా వంటివాడివే అనుకుంటాం అని. కాదనలేదు. పైగా నేను, మా అమ్మ, మా ఇల్లు అని రాశాడు. చదివినవాడు అట్లాగే అనుకున్నాడు. మౌనం మాట కాలేదా?"

బలమైన వాదనే. రెండు రోజులు ఆలోచించాను. ఆ మూడో ఉదాహరణలో కొనేవాడు చేతులు ఖాళీగా పెట్టుకుని వచ్చి అడుగుతున్నాడు. నిజం చెప్పినా అమ్మేవాడికి పోయేది బేరమే. అదే కొనేవాడు దుడ్డుకర్ర పట్టుకుని వచ్చి, లోపముందన్నావో నీ ఎముకలు విరుగుతాయి, ఇప్పుడు చెప్పు అంటే? ఆ మౌనానికి అర్థం చెప్పే హక్కు కర్ర పట్టుకున్నవాడికి లేదు. బలవంతంతో తీసుకున్న సమ్మతి సమ్మతి కాదని ఆ చట్టమే ఇంకోచోట చెబుతుంది. బలవంతంతో పుట్టిన మౌనానికీ అదే న్యాయం వర్తించాలి. జైలు భయం, ఇంట్లోంచి గెంటివేత, పదిమందిలో వెక్కిరింత, ఇవన్నీ పెట్టి పిండిన మౌనాన్ని పట్టుకుని, నువ్వు మమ్మల్ని మోసం చేశావు అనడం లోకానికి తగదు.

ఇంకొకటి. ఆ వ్యాసాలు నమ్మి ఎవరైనా నష్టపోయారా? పాఠకుడు నవ్వుకున్నాడు, తన తల్లిని తలచుకున్నాడు. రచయిత ఎవరిని ప్రేమిస్తాడో తెలియకపోవడం వల్ల అతనికి ఒక్క కాసు నష్టం రాలేదు. మన గురించి తెలుసుకోవాలన్న కుతూహలం ఒకటి, మన మాట మీద ఆధారపడి తన బతుకును పణంగా పెట్టడం ఒకటి. మొదటివారికి మనం బాకీ లేము. రెండోవారికి ఉన్నాము. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే చాలా చిక్కులు విడిపోతాయని నా నమ్మకం.

అయ్యవారు ఒప్పుకోలేదు, కాని కాఫీ ఇప్పించారు.

'మోహనస్వామి'ని నేను రష్మి తేర్దాళ్ ఇంగ్లీషు అనువాదంలో చదివాను. 2016లో వచ్చింది. అన్ని కథలూ ఒక ఎత్తున లేవు. కొన్నిచోట్ల దుఃఖం కథను దాటి పొర్లిపోతుంది, రచయిత ఇంకో ఏడాది ఆగి రాస్తే బాగుండేదనిపిస్తుంది. కాని సైకిలు తొక్కడం చేతకాక నలుగురిలో నగుబాటయ్యే కుర్రాడు, పల్లెటూళ్ళో సొంతవాళ్ళ మధ్యనే నలిగిపోయేవాడు, చివరకు కిలిమంజారో కొండ ఎక్కబోయే మోహనస్వామి, వీళ్ళు మరపునకు రారు. అన్నిటికంటే నన్ను పట్టి ఆపినది మొదట్లోని కార్తీక్ వ్యవహారం. ఏళ్ళ తరబడి మోహనస్వామితో కలిసి బతికిన కార్తీక్ ఒకనాడు ఒక అమ్మాయిని పెళ్ళాడటానికి వెళ్ళిపోతాడు. కథ మోహనస్వామి గుండెలో నిలబడి సాగుతుంది, అది సహజమే. నా మనసు మాత్రం పెళ్ళిపీటల మీది ఆ అమ్మాయి దగ్గరకు పోయింది. ఆమెకేం తెలుసు? ఆమె ఎవరిని నమ్మి వచ్చింది?

అటు పోవడానికి కారణం ఉంది. మా బంధువర్గంలో వరసకు కొడుకయ్యే కుర్రాడొకడున్నాడు. ముప్ఫై దాటింది, మద్రాసులో మంచి ఉద్యోగం. ఈ సంగతి రాస్తున్నానని అతనికి చెప్పి, సరేనన్న తర్వాతే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. అతడు తన సంగతి తల్లికి చెప్పాడు. ఆమె తండ్రికి చెప్పలేదు గాని, సంబంధాలు వెతకడం రెండింతలు చేసింది. ఒక సంబంధం తాంబూలాల దాకా వచ్చింది. ఆ సమయంలో మా వదిన నా దగ్గరకు వచ్చి కూర్చుంది.

"ఏమప్పా, నువ్వు బ్యాంకులో ఎంతమందిని చూస్తావు, నువ్వు చెప్తే వాడు వింటాడు. పెండ్లయితే అన్నీ సర్దుకుంటాయి. ఆ పిల్లకేం తక్కువ చేస్తాం? బంగారంలాగ చూసుకుంటాం."

"ఊరికి చెప్పబళ్ళేదు వదినా, చుట్టాలకు చెప్పబళ్ళేదు. అన్నకు కూడా వాడికి ఇష్టమైనప్పుడే చెప్పనీ. ఆ పిల్లకు చెప్పకుండా మాత్రం తాంబూలం పుచ్చుకోవద్దు."

"చెప్తే ఏ పిల్ల ఒప్పుకుంటాది?"

"ఆ మాట నువ్వే అన్నావు గదా."

నిజానికి ఆమె నోటినుంచి వచ్చిన ఆ ప్రశ్నలోనే జవాబంతా ఉంది. ఏ సంగతి తెలిస్తే ఎదుటి మనిషి ఒప్పుకోదో, ఆ సంగతి దాచి తీసుకున్న ఒప్పుకోలు ఆమెది కాదు, మనం ఆమె పేరున చేసిన దొంగ సంతకం. హిందూ వివాహ చట్టం పన్నెండో సెక్షన్ కూడా, ముఖ్యమైన విషయం దాచి మోసంతో సమ్మతి తీసుకుంటే ఆ పెళ్ళిని రద్దు చేయించుకునే హక్కు ఇస్తుంది. కోర్టు మెట్లు ఎక్కేదాకా ఆగాలా? ఇక్కడ మన గుర్రపు ఉదాహరణలో రెండోది గుర్తు తెచ్చుకోవాలి. కూతురు తండ్రిని అడగదు, నమ్ముతుంది. అడగకుండా నమ్మేవారికి అడిగేవారికంటే ఎక్కువ బాకీ ఉంటాం.

కుర్రాడు తనే ఆ సంబంధం వద్దన్నాడు. పిల్ల తరఫువాళ్ళకు ఏ కారణం చెప్పారో నాకు తెలియదు. అతడు నాతో అన్నది ఒకటే: "అమ్మకు చెప్పేదానికే పదేండ్లు పట్టింది చిన్నాయనా. ముక్కూ మొహం తెలియని పిల్లకు పది నిమిషాల్లో ఎట్లా చెప్పను? అట్లని చెప్పకుండా ఎట్లా చేసుకోను?" మా వదిన ఏటా ఆడికృత్తికకు పూలకావడి మొక్కుతో వచ్చి మా ఇంట్లోనే దిగేది. ఈసారి సత్రంలో దిగింది. కొండమీద ఎదురుపడితే పక్కకు తిరిగింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె భయపడుతున్నది కొడుకు పాపానికి కాదు, తాను పోయాక వాడికి అన్నం పెట్టేదెవరని. ఆ భయానికి నా దగ్గర సెక్షన్ లేదు.

ఇక్కడ మౌనానికి ఇంకో ముఖం కూడా ఉందని మనవి చేయాలి. బ్యాంకులో చేరిన రోజున విశ్వాసపాత్రతకూ గోప్యతకూ కట్టుబడతామని ఒక కాగితం మీద సంతకం పెడతాం. ఎవరి ఖాతాలో ఏముందో, ఎవరు ఎవరికి పంపుతున్నారో బయట చెప్పకూడదు. నా గురించి నేను దాచుకోవడం నా ఇష్టం. ఒకరి నిజాన్ని నా దగ్గర ఉంచితే దాన్ని దాచడం నా విధి. ఆ కుర్రాడి సంగతి పిల్ల తండ్రికి నేనే వెళ్ళి చెప్పి ఉండవచ్చు గదా అని అయ్యవారు అడిగారు. లేదు. చెప్పవలసినవాడు అతడు. నేను చేయగలిగింది, చెప్పకుండా ముందుకు పోవద్దని అతని మీదా, అతని తల్లి మీదా ఒత్తిడి పెట్టడం వరకే. తాంబూలాలు మార్చుకుని ఉంటే ఏం చేసేవాడివి అని ఆయన మళ్ళీ అడిగారు. అప్పుడు ఆ పిల్ల బతుకు నా గోప్యత కంటే బరువైనది. ముందు అతనికి చెప్పి, ఆ తర్వాత వెళ్ళి చెప్పేవాణ్ణి.

రిజర్వు బ్యాంకు 2015 ఏప్రిల్లో బ్యాంకులన్నిటికీ సర్క్యులరు పంపి, దరఖాస్తు ఫారాలలో మూడో లింగానికి గడి పెట్టమంది. 2014 ఏప్రిల్ నాటి సుప్రీంకోర్టు తీర్పు ఫలితం అది. 2023 అక్టోబరులో అదే కోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి ఒప్పుకోలేదు. ఆ తర్వాత, 2024 ఆగస్టులో, క్వీర్ వ్యక్తులు ఉమ్మడి ఖాతా తెరవడానికీ, తమ తోడును నామినీగా పెట్టుకోవడానికీ ఎటువంటి అడ్డంకి లేదని కేంద్ర ఆర్థిక శాఖ, రిజర్వు బ్యాంకు స్పష్టం చేశాయి. ఇందులో ఒక తమాషా ఉంది. అంతకు ముందు మాత్రం అడ్డంకి ఎక్కడుంది? ఏ ఇద్దరైనా ఉమ్మడి ఖాతా తెరవవచ్చు, స్నేహితుణ్ణి నామినీగా రాయవచ్చు. అడ్డంకి రూలులో లేదు, కౌంటరు ఇవతల కూర్చున్నవాడి కనుబొమల్లో ఉంది. సంబంధం అనే గడి దగ్గర పెన్ను ఆగిపోయే మనిషిని చూసి, ఏం రాస్తావో రాయి అని తల వంచుకుని తన పని తాను చూసుకునే గుమాస్తా ఆ మనిషికి చేసే ఉపకారం చిన్నది కాదు.

ఉమ్మడి ఖాతా అంటే ఇంకొకరు గుర్తుకు వస్తారు. ఎ. రేవతి నామక్కల్ ప్రాంతపు పల్లెలో మగపిల్లవాడిగా పుట్టి, స్త్రీగా బతకడానికి ఇల్లు విడిచి ఢిల్లీ, బొంబాయి, బెంగళూరు తిరిగి, 'సంగమ' సంస్థలో పనిచేసి, రచయిత్రి అయిన మనిషి. 2004లో తన వంటివారి జీవితాలను సేకరించి తమిళంలో 'ఉణర్వుం ఉరువముం' వేశారు. తన సొంత కథ మాత్రం ముందు ఇంగ్లీషులో, వి. గీత అనువాదంగా 2010లో వెలువడి, ఆ తర్వాతి ఏడాది గాని తమిళంలో 'వెళ్ళై మొళి'గా రాలేదు. తల్లి భాషలో చెప్పడం చివర. ఇందులో ఆశ్చర్యం లేదు. ఇంగ్లీషు చదివే పరాయివాళ్ళు మన వీధికి రారు. తమిళం చదివేవాళ్ళలో అన్నలుంటారు. తెలుగులో పి. సత్యవతి గారు దాన్ని హిజ్రా ఆత్మకథగా అనువదించి 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం పొందారు. ఈ పత్రిక పాఠకులకు తమిళమూ వచ్చు గనుక రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివే భాగ్యం మనకుంది.

వసుధేంద్ర కథ అనే తెర కట్టుకున్నారు. రేవతి కట్టుకోలేదు. తాను తిన్న దెబ్బలు, కొట్టిన సొంతవాళ్ళు, చేసిన లైంగిక వృత్తి, పోలీసులు, ఆస్తి తగాదా, అన్నీ 'నేను' అనే మాటతోనే చెప్పారు. అక్కడ ఇంకో చిక్కు వస్తుంది. నా కథ నాది ఒక్కడిదే కాదు. అందులో అన్న ఉంటాడు, అమ్మ ఉంటుంది, విడిచిపోయిన తోడు ఉంటాడు. ఉమ్మడి ఖాతాలో డబ్బు ఒకరే తీయవచ్చా, ఇద్దరూ సంతకం పెట్టాలా అన్నది ఖాతా తెరిచేటప్పుడే నిర్ణయిస్తాం. బతుకు ఖాతా అట్లా తెరవం. నా మట్టుకు తోచేది ఇది: కొట్టినవాడికి ఆ దెబ్బ కథ మీద వీటో లేదు. దెబ్బ తిన్నవాడి ఒంటిమీద ఉంది, కనుక కథ అతనిది. ప్రేమించి, నమ్మి, తన రహస్యం మన దగ్గర పెట్టినవాడి సంగతి వేరు. అతని వాటాను అతని సంతకం లేకుండా తీయరాదు. అటువంటి చోట కథ అనే ప్రక్రియ పిరికితనం కాదు, మర్యాద. కార్తీక్ వంటివాడు నిజంగా ఉన్నాడో లేడో మనకు తెలియనక్కరలేదు. ఉంటే, అతడు ఇవాళ ఏదో ఊళ్ళో పిల్లల్ని బడికి పంపుకుంటూ ఉంటాడు. అతని భార్య ఆ పుస్తకం చదివినా గుర్తుపట్టదు. అది ఆమెకు మంచో చెడో నేను చెప్పలేను.

మనం తమిళనాట తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. రైల్లో ఎవరైనా పక్కన కూర్చుని మాట కలిపితే ముందు తమిళంలోనే అందుకుంటాం, పేరు విని వాళ్ళే కనిపెడితే అప్పుడు బయటపడతాం. 2006 నాటి తమిళ బోధన చట్టం వచ్చాక మన పిల్లలు తెలుగు అక్షరాలు బడిలో కంటే తాతల దగ్గర నేర్చుకోవలసి వస్తోంది. అల్పసంఖ్యాకులంటే ఏమిటో మనకొకరు చెప్పనక్కరలేదు. అయినా రెండూ ఒకటే అనడానికి నాకు నోరు రాదు. మనకు ఇల్లు ఉంది. ఎంత దాచుకున్నా సాయంత్రం గుమ్మం లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, అమ్మా అని తెలుగులో పిలుస్తాం. మా కుర్రాడికి తలకిందులు. మద్రాసులో ఇద్దరు ముగ్గురు స్నేహితుల దగ్గర అతడు అతడుగా ఉంటాడు. ఇంటికి వచ్చేటప్పుడు తిరువళ్ళూరు దాటగానే మొహం మార్చుకోవాలి. అతని గోప్యత మొదలయ్యేది తల్లి దగ్గరనుంచే. భాష పోగొట్టుకున్నవాడికి కనీసం తిట్లైనా సొంత భాషలో మిగులుతాయి. వీళ్ళకు మన భాషలో ఉన్నవి తిట్లే. తమిళ ప్రభుత్వం 'తిరునంగై' అనే గౌరవమైన మాటను వాడుకలోకి తెచ్చింది. 2008లో వారి కోసం సంక్షేమ బోర్డు పెట్టింది, దేశంలోనే మొదటిది. తెలుగులో మనం ఇంకా ఇంగ్లీషు మాటలు అరువు తెచ్చుకుంటున్నాం. నేనూ పైన అదే చేశాను.

'మోహనస్వామి' తర్వాత వసుధేంద్ర ఏమయ్యారన్నది చాలామంది అడగని ప్రశ్న. పుస్తకం వచ్చాక ఎందరో యువకులు తనకు ఫోన్లు చేసి తమ సంగతులు చెప్పుకున్నారని ఆయన ఇంటర్వ్యూలలో చెప్పారు. ఒక కథల పుస్తకం అంతమందికి గడపగా మారడం రచయితకు బరువే. అయినా ఆయన ఆ ఒక్క విషయానికే కట్టుబడి కూర్చోలేదు. 2019లో 'తేజో తుంగభద్ర' అనే పెద్ద నవల రాశారు. ఒకవైపు లిస్బన్ నగరం, తేజో నది. ఇంకోవైపు విజయనగరం, తుంగభద్ర. నడుమ సముద్రం, మిరియాల వ్యాపారం, మతం పేరిట హింస, సహగమనం. రంగనాథ రామచంద్రరావు గారి అనువాదంలో తెలుగులోకి వచ్చింది. కృష్ణరాయల కాలమంటే ఆముక్తమాల్యద, భువనవిజయం అని మురిసిపోయే మనకు ఆ నవల చూపే విజయనగరపు వీధులు కాస్త కఠినంగానే ఉంటాయి. నాకు ఆయన పుస్తకాల్లో ఇదే అన్నిటికంటే ఇష్టం. తన గురించి దాచవలసింది ఏమీ మిగలని మనిషి, తనను వదిలి ఇంత దూరం పోగలిగాడనిపించింది. ఇది నా ఊహే. అప్పు తీరిన రైతు నడక మారడం చూసినవాణ్ణి, అందుకని అట్లా అనిపించి ఉండవచ్చు.

ఆ అమ్మ వ్యాసాలను మా మిత్రుడి చేత ఫోనులో మళ్ళీ కొన్ని చదివించుకున్నాను. ఈసారి ఖాళీ గడి ఎక్కడుందో తెలుసు గనుక అక్కడక్కడా చెవి నిలిచింది. వ్యాసాల విలువ ఒక వీసమెత్తు తగ్గలేదు. కొడుకు తల్లిని అంతగా నవ్వుతూ ప్రేమిస్తూనే, ఆమెతో పంచుకోలేని ఒక భాగాన్ని పక్కన పెట్టుకుని ఎన్నేళ్ళు బతికి ఉంటాడో అన్న ఆలోచన మాత్రం కొత్తగా వచ్చి చేరింది.

అయ్యవారితో వాదన ఇంకా తెగలేదు. పోయిన వారం ఆయన వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, పాఠకుల ముందు పెడుతున్నాను. చెప్పకుండా పెళ్ళి చేసుకున్నవాడు ఒకడున్నాడు. ఇరవై ఏళ్ళయింది. ఇద్దరు పిల్లలు, భార్య సుఖంగానే ఉన్నానని అనుకుంటోంది. అతడు ఇప్పుడు చెప్పాలా? నా సూత్రం ప్రకారం పెళ్ళినాడే చెప్పవలసింది, ఆ బాకీ కాలంతో తీరిపోదు. అయితే ఇన్నేళ్ళకు చెప్పడం ఆమె బాకీ తీర్చడానికా, తన బరువు ఆమె మీదికి దించడానికా? ఆమె మిగిలిన సగం జీవితం ఆమెది, నిజం తెలిసి దాన్ని ఎలా గడపాలో నిర్ణయించుకునే హక్కు ఆమెదేనని నేను. పడుకున్న మనిషి కింద మంచం లాగేయడం ఏం న్యాయమని ఆయన. నేను పూర్తిగా ఒప్పుకోలేదు, కాదనడానికీ మాట దొరకలేదు. దీని మీద ఎవరైనా, ముఖ్యంగా స్త్రీలు, పత్రికకు రాస్తే చదవాలని ఉంది. పేరు వేయనక్కరలేదని సంపాదకులను నేనే కోరతాను.